చైనీస్ విద్యార్థులకు 'ప్లే' అనే ఇంగ్లీషు మాట నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరేళ్లుగా నేను చైనాలోని ఉద్యోగస్తులకు ఆన్‌లైన్లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు, చైనాలో ఎంబీబీఎస్ చదువుతూ తోటివాళ్లకు ఇంగ్లీషులో సాయం చేసే మన పిల్లలు, ఆఫీసులో చైనీస్ సహోద్యోగులు ఉన్నవాళ్లు నన్ను ఏవేవో అడుగుతుంటారు. వాటిలో 'ప్లే' అనే చిన్న మాట గురించినవే ఎక్కువ. అన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను. చైనీస్ మాటల్ని చెవికి వినిపించినట్టు తెలుగులో రాశాను. ఆ భాషకు ప్రాణమైన స్వరాల ఎత్తుపల్లాలు మాత్రం ఇందులో కనిపించవు. వాటిని మీ విద్యార్థి నోటే వినండి.

ఇన్ని ఇంగ్లీషు మాటలుండగా 'ప్లే' మీదే ఎందుకింత శ్రద్ధ?

అర్థాల లెక్కలో ఇది మొదటిదేం కాదు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన పద్దు 'సెట్'ది. 'రన్', 'టేక్', 'గెట్' కూడా తక్కువవి కావు. అయితే ఆ మాటలు కష్టమని విద్యార్థికి ముందే తెలుసు. ఎదురుపడగానే ఆగి ఆలోచిస్తాడు. 'ప్లే' దగ్గర ఎవరూ ఆగరు. చైనాలో ప్రాథమిక బడుల్లో మూడో తరగతి నుంచే ఇంగ్లీషు మొదలుపెట్టాలని 2001లో నిర్ణయించారు. ఆ వయసులో నేర్చుకునే మొదటి క్రియల్లో ఇదొకటి. నోటుపుస్తకంలో 'ప్లే అంటే వాన్' అని రాసుకున్న పిల్లవాడు, ముప్పై ఏళ్లు దాటి కంపెనీలో మేనేజరయ్యాక కూడా ఆ పేజీ మళ్లీ తెరవడు. తెలుసనుకున్నాడు కాబట్టి అనుమానం రాదు. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క పేజీ నుంచి వచ్చినవే.

'వాన్' అంటే ఆడుకోవడమే కదా? మరి తేడా ఎక్కడుంది?

వాన్‌లో ఆట ఉంది, కానీ దాని కడుపులో ఉన్న అర్థం సరదాగా పొద్దుపుచ్చడం. చిన్నపిల్లలు బొమ్మలు ముందేసుకుని కూర్చున్నా వాన్. నలభయ్యేళ్లాయన ఆదివారం స్నేహితులతో భోజనానికి వెళ్లినా వాన్. కుటుంబమంతా కలిసి కొత్త ఊరు చూడటానికి బయల్దేరినా వాన్. 'మా ఇంటికి ఒకసారి రండి' అని పిలిచేటప్పుడు 'లాయ్ వో చ్యా వాన్' అంటారు. అక్షరాలా చూస్తే 'మా ఇంటికి ఆడుకోవడానికి రండి' అని. అందులో పిల్లతనం ఏమీ లేదు, మంచి మర్యాద ఉంది. మనం 'తిరిగొద్దాం', 'కాసేపు కూర్చుందాం', 'ఎంజాయ్ చేశాం', 'టైంపాస్ అయింది' అని వేరువేరుగా చెప్పుకునేవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి.

ఇంగ్లీషు ప్లేకి అలా కాదు, వయసు పట్టింపు ఉంది. వెనకాల ఆట పేరో వాయిద్యం పేరో లేకుండా ఒట్టి ప్లే అంటే వినేవాళ్ల మనసులో పిల్లలు మెదులుతారు, లేదంటే కుక్కపిల్లలు. అందుకే 'వుయ్ వెంట్ టు షాంఘై టు ప్లే' అన్న వాక్యంలో వ్యాకరణం తప్పు లేకపోయినా, విన్న మనిషి కాస్త తికమకపడతాడు. షాంఘైలో ఏం ఆడారు, మ్యాచ్ ఏదైనా ఉందా అని అడుగుతాడు. అక్కడ కావలసింది 'విజిట్', లేదా 'గో ఆన్ ఎ ట్రిప్'.

దీనికి తోడు 'హావ్ వాన్' అనే మాట ఒకటుంది. 'హావ్' అంటే మంచి. రెండూ కలిస్తే 'సరదాగా ఉంది' అని. దీన్ని కొందరు 'ఫన్' అనడానికి బదులు 'ఫన్నీ' అనేస్తారు. 'యువర్ వెడ్డింగ్ వజ్ వెరీ ఫన్నీ' అని పెళ్లికొడుకుతో అంటే ఆయన నొచ్చుకుంటాడు. వాన్ గురించి చెప్పే రోజే దీన్ని కూడా చెప్పేయండి.

మా విద్యార్థి 'లాస్ట్ వీక్ ఐ ప్లేడ్ విత్ మై గర్ల్‌ఫ్రెండ్' అన్నాడు. సరిదిద్దాలా, వదిలేయాలా?

సరిదిద్దండి, అదే రోజు. కాకపోతే పదిమంది ముందు కాదు.

పెద్దవాళ్లు 'ప్లే విత్' తర్వాత ఒక మనిషిని పెడితే అది మూడు రకాలుగా వినిపించే ప్రమాదం ఉంది. ఒకటి, చిన్నపిల్లల ఆట. రెండు, పడకగది మాట. మూడు, మనం 'నా జీవితంతో ఆడుకోవద్దు' అంటామే, ఆ అర్థం. మూడింటిలో ఏదీ పాపం ఆ అబ్బాయి మనసులో లేదు. ఆదివారం ఇద్దరూ కలిసి నూడుల్స్ తిని, పార్కులో నడిచి ఇంటికెళ్లారు, అంతే.

నా దగ్గర చదువుకున్న ఒక ఇంజనీరమ్మాయి విదేశీ క్లయింటుతో ఫోన్లో మాట్లాడుతూ, సెలవుల్లో మా మేనేజర్‌తో 'ప్లే' చేశానని చెప్పిందట. అవతల ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎందుకో అర్థం కాక ఆ రాత్రంతా టెన్షన్ పడి, వారం తర్వాత నన్ను మెల్లగా అడిగింది. ఆఫీసువాళ్లంతా కలిసి కొండెక్కడానికి వెళ్లారని ఆమె చెప్పబోయింది. ఆ అమ్మాయి గొంతు నాకింకా గుర్తుంది. సిగ్గుపడాల్సిన తప్పు కాదది, ఎవరూ ఆమెకు చెప్పలేదు. అప్పటినుంచి నా దగ్గర చేరినవాళ్లందరికీ మొదటి నెలలోనే ఈ సంగతి చెబుతున్నాను.

దాని బదులు ఏం వాడాలో కూడా చేతికివ్వాలి. స్నేహితులైతే 'హ్యాంగ్ అవుట్ విత్', ఇంట్లోవాళ్లైతే 'స్పెండ్ టైమ్ విత్', ఆఫీసువాళ్లైతే 'గో అవుట్ విత్ కొలీగ్స్'. ఈ మూడింటితో చాలావరకు పని జరిగిపోతుంది.

చైనీస్‌లో 'ప్లే'కి సరిపోయే క్రియలు ఎన్ని?

లెక్క చెప్పడం కంటే పద్ధతి చెబితే బాగా అర్థమవుతుంది. ఇంగ్లీషు ఆ సందర్భానికి పేరు పెడుతుంది. చైనీస్ చెయ్యి చేసే పనికి పేరు పెడుతుంది.

బాస్కెట్‌బాల్, పింగ్‌పాంగ్, బ్యాడ్మింటన్‌లకు 'తా'. అంటే కొట్టడం. ఫుట్‌బాల్‌కి 'థీ', అంటే తన్నడం. పియానో, గిటార్, ఫీఫా అనే వీణలాంటి వాయిద్యం, వీటన్నిటికీ 'థాన్', వేళ్లతో మీటడం. వయొలిన్‌కీ, రెండు తీగల అర్‌హూకీ 'లా', అంటే లాగడం, కమాను లాగుతారు కాబట్టి. అకార్డియన్ కూడా లాగేదే కదా, దానికీ 'లా'నే. వేణువుకి 'ఛ్వే', ఊదడం. చదరంగానికి 'శ్యా', పావును కిందికి దించడం. పేకాటకూ, బిళ్లలతో ఆడే మాజాంగ్‌కీ మళ్లీ 'తా'. పాట పెట్టడానికి 'ఫాంగ్'. సినిమాలో వేషం వేయడానికి 'యెన్'. ఫోన్లో గేముకి మన పాత మిత్రుడు 'వాన్'.

ఇది చూసి మనం ఆశ్చర్యపడాల్సింది లేదు. తెలుగులో వీణ మీటుతాం, సన్నాయి ఊదుతాం, డప్పు కొడతాం. కాకపోతే మనకు 'వాయించడం' అని ఒక గొడుగు మాట ఉంది, దేనికైనా సర్దుకుంటుంది. చైనీస్‌లో రోజువారీ మాటల్లో అలాంటి గొడుగు లేదు. 'యెన్‌త్సోవ్' అని ఒకటి ఉన్నా అది కచేరీ ప్రకటనల భాష.

మీకు బాగా ఉపయోగపడే పోలిక ఇంకొకటి చెబుతాను. ఆ 'తా' ఉందే, అది అచ్చం మన 'కొట్టు'. చైనీస్‌లో ఫోన్ చేయడం 'తా తియెన్‌హ్వా', అంటే ఫోన్ కొట్టడం. మనవాళ్లూ 'ఓసారి ఫోన్ కొట్టు' అంటారు. టైపు చేయడం 'తా త్స'. మనం టైపు కొడతాం. మనం రంగు కొడతాం, సెంటు కొడతాం, ఈల కొడతాం, బడి ఎగ్గొడతాం. వాళ్లు 'తా'తో టాక్సీ పట్టుకుంటారు, ఇంజెక్షన్ చేస్తారు, స్వెట్టర్ అల్లుతారు. ఇదే పోలికను తిప్పి మీ విద్యార్థికి చూపించండి. 'మీ తాని ఇంగ్లీషులో ప్రతిచోటా హిట్ అని రాస్తావా? రాయవు కదా. ప్లే కూడా అలాంటిదే' అంటే వెంటనే పట్టుకుంటారు.

ఇక్కడే ఒక మాట. చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్‌యిన్ పద్ధతిలో ఈ 'తా'ని ఇంగ్లీషు 'డి' అక్షరంతో రాస్తారు. చదివినవాళ్లు 'డా' అంటారు. కానీ అక్కడ పలికేది మన 'త'కి దగ్గర. 'టి'తో రాసేది మన 'థ'కి దగ్గర. తెలుగు అక్షరాలు నేర్చుకున్న మనకు ఈ తేడా పలకడం తేలిక. వాళ్ల మాట ఒకటి సరిగ్గా పలికితే విద్యార్థి ముఖం ఎంత వికసిస్తుందో మీరే చూస్తారు.

పియానోకి ముందు 'ద' ఉండాలి, ఫుట్‌బాల్‌కి అక్కర్లేదు అంటారు. నిజమేనా?

మొత్తం మీద నిజమే. చైనా బడుల్లో ఈ నియమాన్ని చాలా గట్టిగా నేర్పుతారు: వాయిద్యానికి 'ద', బంతాటకు వద్దు. పరీక్షలో దీని మీద ఖాళీ పూరించే ప్రశ్నలొస్తాయి కాబట్టి పిల్లలకు కంఠతా వస్తుంది. బయటి ప్రపంచంలో మాత్రం 'ఐ ప్లే గిటార్' అనేవాళ్లు, ముఖ్యంగా అమెరికాలోనూ సంగీతం వృత్తిగా ఉన్నవాళ్లలోనూ, బోలెడంతమంది. పరీక్ష రాసే విద్యార్థికి నియమం చెప్పండి, మాట్లాడే విద్యార్థికి స్వేచ్ఛ ఇవ్వండి. కొన్ని నోట్సుల్లో 'చైనా వాయిద్యాలకు ద అక్కర్లేదు' అని కూడా ఉంటుంది. 'ప్లే ద అర్‌హూ' అని రాస్తే తప్పేమీ లేదు. పియానోకి ఇచ్చిన మర్యాద అర్‌హూకి ఎందుకు ఇవ్వకూడదు?

ఆట ఒకటి, నాటకం ఒకటి. రెండింటికీ 'ప్లే' అనే మాటే ఎలా వచ్చింది? విద్యార్థి ఒప్పుకోవడం లేదు.

ఒప్పిస్తారు, ఎందుకంటే ఈ కలయిక ఆయన భాషలోనూ ఉంది. ఈ ప్రశ్నంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

చైనీస్‌లో 'శీ' అనే మాట ఉంది. గేము అనడానికి 'యోశీ' అంటారు. అందులో ఉన్నది శీ. రంగస్థలం మీద ఆడే సంప్రదాయ నాటకం కూడా శీనే. బీజింగ్‌లో పుట్టిన గానరూపకాన్ని 'చింగ్‌శీ' అనేవారు, ఇప్పుడు 'చింగ్‌చ్యూ' అని ఎక్కువగా అంటారు. 2010లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. దాన్ని చూడటానికి వెళ్లే పాతకాలపు పెద్దవాళ్లు 'శీ చూడబోతున్నాం' అనకుండా 'శీ వినబోతున్నాం' అంటారు. నటులు చేసే పని 'ఛాంగ్ శీ', అంటే శీ పాడటం. అంచేత విద్యార్థి 'దే సాంగ్ ఎ ప్లే' అంటే ఎక్కడినుంచి వచ్చిందో మీకు అర్థమవుతుంది. మన సురభి నాటకాలకు వెళ్లొచ్చినవాళ్లు పద్యాల గురించే మాట్లాడినట్టు.

ఇక తెలుగు సంగతి మనకు తెలిసిందే. నాటకం ఆడతాం. భాగోతం ఆడతాం. సినిమా కూడా ఆడుతుంది, మొదటి ఆట, రెండో ఆట అంటూ. అన్నిటికంటే గొప్ప ఉదాహరణ తోలుబొమ్మలాట. దీన్ని చైనీస్‌లో ఏమంటారో చూడండి: 'ఫీ యింగ్ శీ'. ఫీ అంటే తోలు, యింగ్ అంటే నీడ, శీ అంటే ఆట. తోలు నీడల ఆట! ఇంగ్లీషులో 'షాడో ప్లే'. మూడు భాషలూ ఒకదాన్నొకటి అడక్కుండానే చివర్లో ఒకే అర్థం ఉన్న మాటను పెట్టుకున్నాయి. చైనా తోలుబొమ్మలాటను యునెస్కో 2011లో జాబితాలో చేర్చింది. అక్కడ షాన్‌శీ ప్రాంతంలో ఆవుతోలు, హబెయ్ ప్రాంతంలో గాడిదతోలు వాడతారు. మన శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో మేకతోలుతో చేస్తారు. ఒకసారి క్లాసులో నిమ్మలకుంట బొమ్మల ఫొటోలు చూపించాను. రాముడు, హనుమంతుడు వాళ్లకు తెలియదు. కానీ తెర వెనక దీపం పెట్టి బొమ్మ ఆడించడం అంటే ఏమిటో చెప్పాల్సిన అవసరమే రాలేదు. హనుమంతుణ్ణి చూడగానే ఒకాయన 'సున్ వుఖోంగ్' అని వాళ్ల వానరవీరుడి పేరు చెప్పాడు.

ఇంకో ముచ్చట. చైనీస్‌లో సినిమాని 'తియెన్‌యింగ్' అంటారు, అంటే కరెంటు నీడ. తోలుబొమ్మలాటలో ఉన్న యింగే ఇందులోనూ ఉంది.

పాట 'ప్లే' చేయడానికీ ఆడటానికీ ఏం సంబంధం?

వాళ్లకు సంబంధం కనిపించదు. ఫోన్లో త్రికోణం గుర్తు మీద చైనీస్‌లో 'పోఫాంగ్' అని ఉంటుంది. ఫాంగ్ అంటే పెట్టడం, వదలడం. పుస్తకాన్ని బల్ల మీద పెట్టినా ఫాంగ్, పాట పెట్టినా ఫాంగ్. 'పాట పెట్టమ్మా' అనే మనకు ఇది వివరించక్కర్లేదు. దీని వల్ల పెద్ద తప్పులేం రావు. ముందుకు పోదాం.

'ప్లే ఫోన్', 'ప్లే స్నో', 'ప్లే వాటర్' అంటున్నారు. ఎందుకు?

వాన్ తర్వాత వస్తువు పేరు సూటిగా వచ్చేస్తుంది, మధ్యలో ఏమీ అక్కర్లేదు. ఫోన్ చూస్తూ కూర్చోవడం 'వాన్ శోవ్‌చీ', మంచులో ఆడటం 'వాన్ శ్యుయె', నీళ్లలో ఆడటం 'వాన్ ష్వే'. ఇంగ్లీషులో మంచుకి 'ఇన్' కావాలి, నీళ్లకీ 'ఇన్' కావాలి. ఫోన్‌కైతే ప్లేనే వద్దు, 'ఆన్ మై ఫోన్' చాలు. నీళ్లలో, మంచులో, బొమ్మలతో అని ప్రత్యయాలు పెట్టుకునే తెలుగువాళ్లం ఈ తప్పు అంతగా చేయం. ఒక్క సందర్భంలో మాత్రం రెండు భాషలూ చక్కగా కలుస్తాయి: 'వాన్ హ్వో', నిప్పుతో ఆడటం. ఇంగ్లీషులోనూ 'ప్లే విత్ ఫైర్'. మనకు నిప్పుతో చెలగాటం.

వ్యాసాల్లో ప్రతి పేరాలోనూ 'ప్లే యాన్ ఇంపార్టెంట్ రోల్' రాస్తున్నారు. ఆపాలా?

తగ్గించాలి. కానీ తిట్టకండి, దీని వెనక కారణం ఉంది. చైనాలో విశ్వవిద్యాలయ ప్రవేశానికి రాసే కావ్‌ఖావ్ పరీక్షలో చాలాచోట్ల 750 మార్కులకు ఇంగ్లీషుది 150. ఆ తర్వాత కాలేజీలో, 1987లో మొదలైన సీఈటీ అనే కాలేజీ ఇంగ్లీషు పరీక్ష, నాలుగో స్థాయి. వీటిలో వ్యాసం రాయాలి, టైం తక్కువ. అందుకని ఎక్కడైనా అతికే వాక్యాల్ని ముందే నేర్చుకుంటారు. 'ఇంటర్నెట్ ప్లేస్ యాన్ ఇంపార్టెంట్ రోల్ ఇన్ అవర్ లైఫ్' అలాంటిదే. మన పత్రికల్లో 'కీలక పాత్ర పోషించింది' ఎన్నిసార్లు చూస్తున్నాం? అదీ ఇంతే.

నేను చేసే పని ఒకటే. ఆ వాక్యం కనబడ్డ చోటల్లా 'ఏం చేసింది?' అని పక్కన రాస్తాను. ఇంటర్నెట్ ఏం చేసింది? ఊళ్లో ఉన్న అమ్మమ్మ ముఖం రోజూ చూపించింది. సరే, ఆ మాటే రాయమంటాను. పాత్ర పోయి పని వచ్చేసరికి వాక్యంలో ఊపిరి వస్తుంది.

'నటించడం' అనే అర్థంలో వచ్చే ప్లేలు ఎలా చెప్పాలి?

'ప్లే డెడ్', 'ప్లే డంబ్' లాంటివి. చైనీస్‌లో వీటికి 'చ్వాంగ్' అనే ఒక్క మాట ఉంది, అంటే వేషం కట్టడం. చచ్చినట్టు పడుకోవడం 'చ్వాంగ్ స', తెలియనట్టు ఉండటం 'చ్వాంగ్ షా'. ఒకటికి ఒకటి చక్కగా సరిపోతాయి. మనం 'నాటకాలాడకు' అనేది ఇదే.

'జోక్' దగ్గర మాత్రం చిక్కుంది. వాళ్లు జోకుని 'తెరుస్తారు', 'ఖాయ్ వాన్‌శ్యావ్' అని. ఇంగ్లీషులో సరదాకి అన్నానంటే 'ఐ యామ్ జోకింగ్'. 'ప్లే ఎ జోక్ ఆన్' అంటే ఒకరిని ఆటపట్టించడం, అక్కడ ఒక బాధితుడు ఉంటాడు. 'ఐ ప్లేడ్ ఎ జోక్ విత్ మై బాస్' అన్న విద్యార్థి నిజానికి బాస్‌కి ఒక జోక్ చెప్పాడంతే.

వార్తల్లో 'ఫౌల్ ప్లే' అని వస్తే?

ఇది వెంటనే చెప్పాల్సిన మాట. ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్లు దీన్ని ఆటలో ఫౌల్ అనుకుంటారు. పోలీసులు 'ఫౌల్ ప్లే' లేదని చెప్పారంటే, ఆ చావులో ఇంకొకరి హస్తం లేదని. ఉందేమోనని అనుమానిస్తే, మన పేపర్లలో 'అనుమానాస్పద మృతి' అని రాసే సందర్భం. ఒక మనిషి చావు వార్తను ఆట వార్తగా చదివితే ఎంత ఇబ్బందో ఆలోచించండి.

'ప్లే ఇట్ బై ఇయర్', 'ప్లే డౌన్', 'ప్లే ఫర్ టైమ్', 'కమ్ ఇంటు ప్లే'... ఇవన్నీ నేర్పాలా?

ఒకేసారి వద్దు. ఎదురైనప్పుడు ఒక్కొక్కటి. మొదటిది స్వరలిపి చూడకుండా విన్నదాన్ని బట్టి వాయించడం, దాన్నుంచే 'అప్పటికప్పుడు చూసుకుందాం' అనే అర్థం వచ్చింది. రెండోది విషయాన్ని చిన్నది చేసి చూపడం. మూడోది కాలయాపన. నాలుగోది రంగంలోకి రావడం. ఇవి విని అర్థం చేసుకుంటే చాలు, నోటితో వాడమని పట్టుబట్టకండి.

కారు మాన్యువల్లో 'ఫ్రీ ప్లే' అని ఉంది. ఇదేం ఆట?

ఒక మెకానికల్ ఇంజనీరు నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆయన అయోమయంగా అడిగాడు గానీ, మన ఊళ్లో ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు. 'స్టీరింగ్‌లో ప్లే ఎక్కువైందండి, బేరింగ్ ప్లే చూడాలి' అనేది మన షెడ్లలో రోజూ వినబడే మాట. రెండు భాగాల మధ్య కొంచెం కదలడానికి ఉండే సందు. క్లచ్ పెడల్ నొక్కినప్పుడు అసలు పని మొదలయ్యేముందు కొద్ది దూరం ఖాళీగా దిగుతుందే, అదే ఫ్రీ ప్లే. చైనీస్ మాన్యువల్లో దీన్ని 'త్సుయో శింగ్‌ఛెంగ్' అంటారు, స్వేచ్ఛగా కదిలే దూరమని. ఆ చైనీస్ మాట చెప్పగానే ఆయన 'ఆఁ' అని తల ఆడించాడు.

ఇన్ని అర్థాలకీ అడుగున ఒకే అర్థం ఉందా?

ఉందనే నా నమ్మకం, అది కదలిక. పాత ఇంగ్లీషులో ఈ మాటకి ఆటతో పాటు చురుగ్గా కదలడం, ఒళ్లు వంచి కసరత్తు చేయడం అనే అర్థాలూ ఉన్నాయి. ఇప్పటికీ ఫౌంటెన్ 'ప్లే' అవుతుంది, నీటి మీద వెలుగు 'ప్లే' చేస్తుంది, పెదవుల మీద చిరునవ్వు 'ప్లే' చేస్తుంది. స్టీరింగ్‌లో ఉన్న ప్లే కూడా ఈ కదలికే.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక వరం ఉంది. మన 'ఆడు' కూడా కదలికే. గదిలో గాలి ఆడదు. జనంలో ఊపిరాడదు. కుక్క తోక ఆడిస్తుంది. మిల్లులో పిండి ఆడిస్తాం, గానుగ ఆడిస్తాం. పంటలు చేతికొచ్చిన నెలలో రైతు చేతిలో నాలుగు డబ్బులాడతాయి. వీటిలో ఎక్కడా బంతి లేదు, బ్యాటు లేదు. ఇంగ్లీషు ప్లే చేసిన ప్రయాణాన్ని మన ఆడు తనంతట తాను వేరే దారిలో చేసింది. అందుకే ఈ మాట గురించి చైనీస్ విద్యార్థికి చెప్పడంలో ఇంగ్లీషు సొంతభాషగా ఉన్న టీచర్ కంటే మనకే ఒక మెట్టు ఎక్కువ సౌకర్యం ఉందని నేను గట్టిగా అంటాను. వాళ్లకు ఒక్క ప్లేనే తెలుసు. మనకు బయటి నుంచి చూసే వీలుంది.

ఆ వరం మనల్ని ఎక్కడైనా తప్పుదారి పట్టిస్తుందా?

పట్టిస్తుంది. 'సినిమా వంద రోజులు ఆడింది'ని 'ప్లేడ్ హండ్రెడ్ డేస్' అని చెప్పేస్తాం. అక్కడ 'రాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్' అనాలి. ఈరోజు ఫలానా థియేటర్లో ఆడుతోంది అనడానికి మాత్రం 'ప్లేయింగ్' సరిపోతుంది. మాటలాడటం, అబద్ధమాడటం, పోట్లాడటం, పెళ్లాడటం, వీటిలో ఉన్న ఆడుని ఇంగ్లీషులోకి ఎవరూ తీసుకుపోరు కాబట్టి భయం లేదు.

'ప్లేయర్'ని ఎలా చెప్పాలి?

చైనీస్‌లో 'వాన్‌చ్యా' అంటే వీడియో గేములు ఆడేవాడు. బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేవాడు 'ఛ్యూయువెన్'. 2002లో అమెరికా ఎన్‌బీఏ ఎంపికలో మొట్టమొదటి స్థానంలో నిలిచి హ్యూస్టన్ జట్టులో చేరిన యావ్ మింగ్‌ని ఎవరూ వాన్‌చ్యా అనరు. ఇంగ్లీషులో ఇద్దరూ ప్లేయర్లే, తబలా వాయించేవాడూ ప్లేయరే. ముందు ఏ ఆట పేరో వాయిద్యం పేరో లేకుండా ఒక మగవాణ్ణి 'హీ ఈజ్ ఎ ప్లేయర్' అంటే అమ్మాయిల్ని మోసం చేస్తూ తిరిగేవాడని అర్థం. ఇది పెళ్లి సంబంధాల వయసులో ఉన్నవాళ్లకు తప్పకుండా చెప్పండి.

క్లాసులో అసలు ఎలా మొదలుపెట్టాలి?

జాబితా ఇవ్వకండి. నేను మొదట్లో ఇరవై అర్థాల కాగితం ఒకటి తయారుచేసి ఇచ్చాను. అందరూ శ్రద్ధగా నేర్చుకున్నారు, మరుసటి వారం ఒక్కరూ వాడలేదు. ఇప్పుడు ప్లేని ఒంటరిగా నేర్పను. పక్క మాటతో కలిపే నేర్పుతాను. చైనీస్ క్రియ నేను చెబుతాను, విద్యార్థి చేత్తో అభినయించి ఇంగ్లీషులో పూర్తిగా చెప్పాలి. 'లా' అంటే కమాను లాగినట్టు చెయ్యి కదిపి 'ప్లే ద వయొలిన్'. 'శ్యా' అంటే పావు దించినట్టు చేసి 'ప్లే చెస్'. 'వాన్' అన్నప్పుడు మాత్రం చెయ్యి ఆగాలి. ఎవరితో, ఎక్కడ, ఏం చేశారో ఆలోచించి అప్పుడు నోరు తెరవాలి. ఆ ఆగడం అలవాటయ్యేదాకా నాలుగైదు వారాలు పడుతుంది. పెద్దవాళ్లు మొదట సిగ్గుపడతారు. మీరు ముందు చేసి చూపిస్తే వాళ్లూ చేస్తారు.

ప్లే ఉన్న చైనీస్ సామెత ఏదైనా ఉందా?

ఉంది, మనకు బాగా దగ్గరైంది. 'త్వే న్యూ థాన్ ఛిన్', ఆవు ముందు ఛిన్ అనే తీగల వాయిద్యం మీటినట్టు. మన చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు. కథలో కోంగ్‌మింగ్ యీ అనే సంగీతకారుడు ఆవు ముందు కూర్చుని గొప్ప రాగం వాయిస్తాడు. ఆవు తలెత్తదు, గడ్డి మేస్తూనే ఉంటుంది. అప్పుడాయన దోమల రొద, తల్లి నుంచి తప్పిపోయిన దూడ అరుపు తీగల మీద పలికిస్తాడు. ఆవు వెంటనే తోక ఆడించి, చెవులు నిక్కించి, అటూ ఇటూ అడుగులేస్తూ వింటుంది.

దీన్ని ఇంగ్లీషులో చెప్పమంటే విద్యార్థులు 'ప్లే ద పియానో టు ఎ కౌ' అంటుంటారు. కారణం, పియానోని వాళ్లు 'కాంగ్‌ఛిన్' అంటారు, ఉక్కు ఛిన్ అని. సామెతలో ఉన్నది ఏడు తీగల పాత ఛిన్, ఒళ్లో గానీ బల్ల మీద గానీ పెట్టుకుని మీటేది. ఇంగ్లీషులో సాధారణంగా 'ప్లే ద లూట్ టు ఎ కౌ' అని రాస్తారు. అది కూడా సరిగ్గా ఆ వాయిద్యం కాదు. నేను 'ప్లే ద ఛిన్ టు ఎ కౌ' అనమంటాను. ఛిన్ అంటే ఏమిటని అవతలివాళ్లు అడుగుతారు. అప్పుడు మీ విద్యార్థికి తన ఊరి వాయిద్యం గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు మాట్లాడే అవకాశం దొరుకుతుంది.